ఎడమ చేతి బ్రేకు

కిందటి వారం పిచ్చుకని గరాజు గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం, పాపం. చేతిలో తడి తువ్వాలు, హడావిడిలో కాళ్ళకి రెండు వేర్వేరు జోళ్ళ చెప్పులు. లోపల కెప్టెను కొండమేక సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, చక్రాలు తిప్పి, ఎడమ బ్రేకు నొక్కాడు. ఆగాల్సింది వెనక చక్రం. ఆగింది ముందు చక్రం. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అదే. అప్పుడు తల ఎత్తకుండానే అన్నాడు: "ఇది దానంతట అది జరిగే పని కాదు."

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. వీళ్ళెవరూ సైకిలు పందేల మీద బతికేవాళ్ళు కారు. కెప్టెను టైలరు. జట్టు వేసుకునే పసుపు జెర్సీలు ఆయన మిషను మీద కుట్టినవే, అందుకని ఒక్కొక్కరి పొట్ట సంగతీ ఆయనకి టేపు సాక్షిగా తెలుసు. నర్సమ్మ ఆసుపత్రిలో డ్యూటీ దిగి నేరుగా సైకిలెక్కే మనిషి. కొండమేకది మందుల షాపు. ఎత్తు కనిపిస్తే చాలు ఎగబాకుతాడని ఆ పేరు వచ్చింది. పిచ్చుక మొగుడు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు, అందరూ మాస్టారంటారు. కొండమేక ఆయనకి పెద్దమ్మ కొడుకు, అంటే పిచ్చుకకి బావగారు. ఈ పెళ్ళి సంబంధం కుదిర్చింది కూడా కొండమేకే. జట్టుకి ముగ్గురు తప్పనిసరి. మాస్టారు నాలుగో మనిషి, ఎవరైనా దిగితేనే ఎక్కే మనిషి.

పందెం కోసం వచ్చి ఈ అద్దె ఇంట్లో దిగిన అందరికీ సముద్రం దాటడం ఇదే మొదలు. విమానంలో వచ్చిన పెట్టె విప్పితే కొండమేక సైకిలు బ్రేకు తీగలు రెండూ నలిగి ఉన్నాయి. నేను మారుస్తానన్నాడు మాస్టారు. సాయంత్రానికి మార్చిపెట్టాడు కూడా. మర్నాడు పొద్దున కొండమేక గేటు దాటి వాలులో దిగుతూ, దారిలో గుంత ఉందని వెనకవాళ్ళకి కుడిచెయ్యి చాపి చూపిస్తూ, ఎడమచేత్తో వెనక బ్రేకు అనుకుని గట్టిగా నొక్కాడు. ముందు చక్రం బిగుసుకుపోయింది. మనిషి హ్యాండిలు మీదుగా లేచి పొదలో పడ్డాడు.

ఇప్పుడు గరాజులో ఆయన బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. మణికట్టుకి కట్టు, ఆ చేతిని మోస్తూ మెడలో గుడ్డ జోలె. నర్సమ్మ పక్కనే నిలబడి, గ్లవ్స్ వేసుకున్నాడు గనక అరచేతులు దక్కాయి అంటోంది. గ్లవ్స్ వేసుకునేవాళ్ళని పెళ్ళికొడుకులని ఏడిపించే మనిషికి ఆ ఒక్కపూట వేసుకోవాలని బుద్ధి పుట్టడం అదృష్టమేనట. కొండమేక మాస్టారి వైపు చూస్తూ కూర్చున్నాడు.

కెప్టెను తీగ చివర వేళ్ళతో పట్టుకుని లాగి చూశాడు. తీగ పోగులు విడిపోకుండా చివర తొడిగే చిన్న తొడుగు ఉంటుంది కదా, అది ఎర్రగా మెరిసింది. గోరింటలో ముంచిన చిటికెనవేలు కొసలా ముద్దుగా ఉందనుకుంది పిచ్చుక. ఇలాంటి వేళ ఇలాంటివి కనపడటం ఏమిటని తననే తిట్టుకుంది కూడా. కానీ ఆ పిల్ల కళ్ళు అలాంటివి. పెళ్ళయి ఇంకా చీర మడతల్లో కొత్త వాసన పోలేదు. చెంచా మీద ఎండ పడినా, పక్కింటి కిటికీలో పిల్లి ఆవులించినా మొగుడికి చూపించాలనిపించే రోజులు.

ఆ మొగుడే ఇప్పుడు గోడకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు.

కెప్టెను గొంతు పెంచే మనిషి కాదు. గుడ్డ కత్తిరించే ముందు సుద్దతో గీత గీసినట్టు మాట్లాడతాడు. పెట్టె విప్పినప్పుడు అందరం ఉన్నాం, తీగలు నలిగి ఉండటం అందరం చూశాం, తర్వాత సైకిలు మీద చెయ్యి వేసింది ఒక్కరే, అని వరసగా చెప్పుకుంటూ వచ్చాడు. ఆ ఒక్కరికి తప్ప ఇంకెవరికీ కొండమేక పడటం వల్ల ఒరిగేది లేదు. అక్కడిదాకా చెప్పి, ఆ మాట తన నోటి నుంచి వచ్చినందుకు తనకే సిగ్గేసినట్టు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "అసలు ఆ సాయంత్రం నేను..."

"ఉండు మాస్టారూ. నువ్వు చెప్పేది నీ మాట. ఇంకొకళ్ళ మాట కూడా విందాం." కెప్టెను గుమ్మం వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఆ సాయంత్రం నువ్వు టీ పట్టుకుని ఇటు రావడం నేను కిటికీలోంచి చూశాను. మీ ఆయన ఇక్కడే ఉన్నాడా? పని చేసుకుంటున్నాడా?"

పిచ్చుక చేతిలో తువ్వాలు నీళ్ళు కారుతోంది.

టీ పట్టుకుని వచ్చిన మాట నిజమే. ఆ అద్దె ఇంట్లో ఉన్న కప్పుల్లో ఒకదానికి అంచు విరిగి ఉంటే అది తను ఉంచుకుని, మంచిది ఆయనకని, రెండూ నింపుకుని పెరటి దారిన నడిచి వచ్చింది. గరాజుకి తాళం వేసి ఉంది. తలుపు సందులోంచి చూస్తే చీకటి. సైకిలు లేదు, మనిషీ లేడు. కాసేపు అక్కడే మెట్టు మీద కూర్చుని రెండు టీలూ తనే తాగేసి తిరిగొచ్చింది. తర్వాత ఆయన వచ్చి సింకు దగ్గర నల్లటి చేతులు తోముకుంటూ ఉంటే, ఇంతసేపూ ఎక్కడున్నారండీ అని అడిగింది. గరాజులోనే, ఎక్కడికెళ్తాను, అన్నాడు. అడిగింది పిచ్చుక, చెప్పింది మొగుడు. ఆ మాట అబద్ధమని ఆమెకి ఆ క్షణమే తెలుసు. ఏదో చిన్న బహుమతి కొనడానికి వెళ్ళి ఉంటాడని తనకి తానే నచ్చజెప్పుకుని, దిండు కింద కూడా వెతుక్కుంది. బహుమతీ లేదు, ఏమీ లేదు. మర్నాడు పొద్దున బావగారు పొదలో పడ్డాడు.

ఇప్పుడు నిజం చెబితే? తాళం వేసి ఉంది, మనిషి లేడు, తర్వాత అబద్ధమాడాడు అని పదిమందిలో చెబితే? మొగుడి మీద ఉన్న అనుమానానికి పెళ్ళామే బొట్టు పెట్టి లోపలికి పిలిచినట్టు కాదూ?

"ఇక్కడే ఉన్నారండీ," అంది పిచ్చుక. "నేనే టీ ఇచ్చాను."

మాస్టారు చటుక్కున తలెత్తి చూశాడు. ఆ చూపేమిటో ఆమెకి అంతుపట్టలేదు. ఏదో చెప్పబోయిన నోరు నెమ్మదిగా మూసుకుంది. కాసేపటికి, "అవును. ఇక్కడే ఉన్నాను," అన్నాడు.

"పని అయ్యేదాకా?" అడిగాడు కెప్టెను.

"అయ్యేదాకా."

"ఇంకెవరైనా వచ్చారా? సైకిలు కాసేపైనా నీ కళ్ళముందు లేకుండా పోయిందా?"

మాస్టారు మళ్ళీ పెళ్ళాం వైపు చూశాడు. "లేదు."

నర్సమ్మ నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు విన్నాక గానీ పిచ్చుకకి తను ఏం చేసిందో తట్టలేదు. కాపాడదామని చెప్పిన మాట ఉరితాడయి కూర్చుంది. ఆయన ఇక్కడే ఉంటే, ఇంకెవరూ రాకపోతే, తీగలు తారుమారు చేసింది ఆయన కాక మరెవరు? నిజం చెప్పినా మునిగేవాడే కావచ్చు. అబద్ధంతో అయితే ఆమె తన చేతుల్తో ముంచింది.

అప్పుడు కొండమేక నోరు విప్పాడు. గొంతులో కోపం లేదు, జాలి ఉంది. పిచ్చుకకి ఆ జాలి గొంతు పెళ్ళిచూపుల నాటినుంచీ తెలుసు.

"తమ్ముడూ, నీకు పందెం ఎక్కాలని ఉందని ఒక్కమాట చెప్పి ఉంటే నేనే దిగిపోయేవాణ్ణి కదరా."

"అన్నయ్యా, నేను చెయ్యలేదు."

"సరే. చెయ్యలేదు. కానీ వీడు ఎక్కితే మాత్రం నేను నిర్వాహకుల దగ్గరికి వెళ్ళి జరిగింది చెబుతాను కెప్టెన్ గారూ. మోసంతో ఎక్కడం కంటే అందరం సంచులు సర్దుకోవడం నయం."

సంచులు సర్దుకోవడం అన్న మాట గరాజులో అలా వేలాడిపోయింది. కొండమేక ఎక్కలేడు, మాస్టారు ఎక్కకూడదు, మిగిలింది ఇద్దరు. ఇద్దరితో జట్టు కాదు. రాత్రిళ్ళు దుకాణం కట్టేశాక లైటు పెట్టుకుని తొక్కిన కెప్టెను, సెలవులన్నీ కూడబెట్టుకున్న నర్సమ్మ, ఇద్దరూ ఒకేసారి తలకిందులుగా ఉన్న సైకిలు వైపు చూశారు. రేపు సాయంత్రంలోగా పేర్లు ఇవ్వాలి, అప్పటిదాకా ఆలోచిస్తానన్నాడు కెప్టెను. పిచ్చుక తువ్వాలు పిండింది. పిండాల్సిన అవసరమే లేదు, అప్పటికే అందులో నీళ్ళన్నీ కారిపోయాయి.

ఆ రాత్రి గదిలో మొగుడూ పెళ్ళాం ఒకే దుప్పటి కింద ఇద్దరు ప్రయాణికుల్లా పడుకున్నారు. ఆయన్ని నిలదీద్దామని పిచ్చుక చాలాసార్లు నోరు తెరిచింది. ఎక్కడికెళ్ళారు, ఎందుకు దాచారు అని అడగడం ఎంతసేపు? కానీ అడిగాక వచ్చే జవాబుతో మిగిలిన జీవితమంతా కాపురం చెయ్యాలి. ఆ భయంతోనే అటు తిరిగి పడుకుంది. నిద్రపోయాడేమో అనుకుంటుండగా ఆయన పైకప్పు వైపు చూస్తూ అన్నాడు:

"నువ్విచ్చిన టీ బాగుంది."

ఇవ్వని టీ. వేళాకోళమా? కృతజ్ఞతా? ఇద్దరం ఒకే అబద్ధంలో ఉన్నాం సుమా అన్న హెచ్చరికా? పిచ్చుకకి అర్థం కాలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి, ఈయనెవరో నాకు తెలియదు అనుకుంది.

తెల్లవారింది. ఎవరూ ఎవరి మొహమూ చూడకుండా కాఫీ తాగుతున్నారు. రొట్టె అయిపోయింది. నేను తెస్తానని పిచ్చుక లేచింది, ఆ ఇంట్లోంచి బయటపడితే చాలన్నట్టు. వరండాలో ఇంటివాళ్ళ పాత సైకిలొకటి ఉంది. ఆకుపచ్చ రంగు, ముందు అల్లిక బుట్ట, గంట. వచ్చిన రోజునుంచీ దాని మీద కన్నుంది ఆమెకి. వద్దువద్దనుకుంటూనే గంట ఒకసారి మోగించింది. మోగింది. ఎంత దిగులు మనిషికైనా ఆ మోతకి పెదవి కొస కదలకుండా ఉండదు.

గేటు దాటగానే వాలు. చలిగాలి చెవుల్లో దూరి చున్నీని జెండాలా ఎగరేసింది. రెండు పక్కలా ఇళ్ళు, కిటికీల్లో పూలకుండీలు, ఎవరో దులిపిన దుప్పటి. ఇవన్నీ చూసుకుంటూ జారిపోతుంటే మలుపు దగ్గరపడింది. ఎగిరే చున్నీని కుడిచేత్తో లాక్కుంటూ, పుట్టింట్లో నేర్చుకున్న అలవాటు చొప్పున, ఎడమచేత్తో వెనక బ్రేకు నొక్కింది.

సైకిలు ముందుకు కుంగింది. వెనక చక్రం లేచింది. బుట్ట మీద పడబోయి, ఎలాగో ఒక కాలు నేలకి తన్ని నిలదొక్కుకుంది. 

నిలబడి, ఎడమ బ్రేకు మళ్ళీ నెమ్మదిగా నొక్కింది. ముందు చక్రం. కుడిది నొక్కింది. వెనక చక్రం.

మలుపులో అలాగే నిలబడిపోయింది. పక్కనుంచి పోతున్న ఒకాయన సైకిలు దిగి, సాయం కావాలా అన్నట్టు చూశాడు. పిచ్చుక ఏమనుకుంటాడో అని కూడా చూడకుండా వంగి, ఆయన ఎడమ బ్రేకు నుంచి కిందికి పోయే తీగ ఎటు వెళ్తోందో వేలితో వెంబడించింది. అది కూడా ముందు చక్రానికే. ఆయన నవ్వి తన దారిన పోయాడు.

ఇక్కడ బళ్ళు రోడ్డుకి అవతలి పక్కన నడిచినట్టే, బ్రేకులు కూడా అవతలి చేతికే! ఎవరో పనిగట్టుకుని తారుమారు చేసినవి కావు, ఈ ఊళ్ళో సైకిలు బిగించేవాడెవడైనా బిగించే పద్ధతే అది. అంటే బావగారి సైకిలు బిగించింది ఈ ఊరి చెయ్యి. మాస్టారి చెయ్యి కాదు.

ఆలోచన అక్కడికి వచ్చేసరికి తన ఆకుపచ్చ సైకిలు బ్రేకు తీగ చివర కనపడింది. చిన్న తొడుగు. ఎర్రగా. గోరింటలో ముంచిన చిటికెనవేలు కొసలా.

వెనక మడ్‌గార్డు మీద వెలిసిపోయిన స్టిక్కరు, దాని మీద చక్రం బొమ్మ. అదే చక్రం బొమ్మని రొట్టెల దుకాణం పక్క సందులో బోర్డు మీద రోజూ చూస్తూనే ఉంది. రొట్టె సంగతి మరిచిపోయింది.

సైకిళ్ళ షాపులో ఒక పెద్దావిడ, నెరిసిన జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, టైర్లు వరసగా తగిలిస్తోంది. ఒకరి భాష ఒకరికి రాదు. పిచ్చుక ఫోనులో తెలుగులో చెబితే అది ఆవిడ భాషలో పలికింది. ఆవిడ చెప్పింది తెలుగులోకి మారి వార్తలు చదివే గొంతుతో వినపడింది. నలిగిన తీగలతో ఒక సైకిలు వచ్చిందా అంటే, అవునంది. సన్నటి మనిషి, చెమటలు కక్కుకుంటూ నడిపించుకుని వచ్చాడట. సాయంత్రమంతా ఆ స్టూలు మీదే కూర్చుని, ఆవిడ వేళ్ళనే చూస్తూ, అడిగినప్పుడల్లా తనకి అన్నీ తెలుసన్నట్టు తలూపాడట.

అంతా అయ్యాక మాత్రం చేతులు జోడించి ఒక కోరిక కోరాడట. ఫోను దాన్ని తడుముకోకుండా చదివింది: "చివరి ఎర్ర తొడుగును తానే బిగించెదనని ఆ పురుషుడు ప్రాధేయపడెను."

పిచ్చుకకి నవ్వొచ్చింది, దాని వెనకే కళ్ళలో నీళ్ళొచ్చాయి. సైకిలు గురించి సర్వం తెలిసినవాడినని జట్టులో పేరు. పెళ్ళిచూపుల్లో కూడా అదే చెప్పుకున్నాడు. తీగలు మార్చడం రాక, ఆ మాట పెళ్ళాంతో కూడా చెప్పుకోలేక, చివరి తొడుగొక్కటి తన చేత్తో తొడిగి, నేనే చేశానని చెప్పుకోవడానికి ఒక ముక్క నిజం సంపాదించుకున్నాడు. గరాజులో నోరు తెరిచింది ఇది చెప్పడానికే. ఇంతలో తను ఉరికి, ఇక్కడే ఉన్నారండీ అంది. ఇక ఆయన నిజం చెబితే పెళ్ళాం పదిమందిలో అబద్ధాలకోరు అవుతుంది. అందుకని తనే దొంగ అయి ఊరుకున్నాడు. టీ బాగుందన్నది అందుకు.

ఇప్పుడే పరిగెత్తుకెళ్ళి కెప్టెను ముందు అంతా కక్కేయాలి. తన అబద్ధంతో సహా. సాయంత్రంలోగా పేర్లు ఇవ్వాలి, ఇంకా సమయముంది. ఆ సంబరంలో గుమ్మం దాకా వెళ్ళిపోయి, ఒక్క చిన్న ముల్లు గుచ్చుకుని ఆగింది. మీ ఊరి పద్ధతి వేరని ఆయనకి ఒక్కమాట చెప్పలేదా, అని అడిగింది.

ఆవిడ మొహం ముడుచుకుంది. చెప్పకుండా ఎలా ఇస్తానంది. దూరం నుంచి వచ్చినవాళ్ళకి మా పద్ధతి ప్రమాదమని తెలుసు, అందుకే చెప్పాను, కావాలంటే మీ పద్ధతికి మార్చి ఇస్తానని కూడా అన్నాను. అలాగే ఉండనీ, నాకు తెలుసు అన్నాడు.

పిచ్చుక గుమ్మం దగ్గర్నుంచి మళ్ళీ లోపలికి వచ్చింది. అయితే ఆయనకి తెలుసు. తెలిసి, ఊరుకుని, బావగారిని దాని మీద ఎక్కనిచ్చాడు. ఇప్పటిదాకా కట్టిందంతా ఒక్క మాటతో కూలింది.

"స్టూలు మీద కూర్చున్నాయనకేనా చెప్పారు?" అడిగింది. ఆ మాటలు ఫోను తీసుకునేలా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన చీకటి పడుతుంటే టీ తాగడానికి ఎదురు దుకాణానికి వెళ్ళాడు. అప్పుడొచ్చాడు రెండో మనిషి. ట్యూబులు కొనడానికి వచ్చి, స్టాండుకి తగిలించిన సైకిల్ని చూసి, ఇది నాదే అన్నాడు. సొంతదారుకి చెప్పాక ఇంకొకరికి చెప్పడమెందుకని తను ఊరుకుంది.

పిచ్చుక ఫోనులో జట్టు ఫోటో తీసింది. విమానాశ్రయంలో దిగినది, అందరూ పసుపు జెర్సీల్లో పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, గ్రీజు అంటిన వేలు తెర మీద పెట్టింది. వేలు కెప్టెను మీదుగా వెళ్ళింది. నర్సమ్మని దాటింది. మాస్టారి మీద ఒక్క క్షణం ఆగి, అతను స్టూలు మనిషని చెప్పి, ఇంకా ముందుకు జరిగింది.

కొండమేక మీద ఆగింది.

ఆ మనిషి ఇంకో వస్తువు కూడా కొన్నాడని ఆవిడ గుర్తు చేసుకుని, గోడ వైపు చూపించింది. అక్కడ మేకుకి గ్లవ్స్ జతలు వేలాడుతున్నాయి.

అప్పుడు షాపు తలుపుకి కట్టిన గంట మోగింది. చలిగాలి ఆమె వీపుకి తగిలింది.

"ఏమ్మా, రొట్టెకని వచ్చి ఇక్కడ తేలావా?"

పిచ్చుక వెనక్కి తిరిగింది. బావగారు నవ్వుతూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మెడలో జోలె ఖాళీగా వేలాడుతోంది. ఆ బరువైన అద్దాల తలుపుని కట్టు కట్టిన చేత్తోనే ఆపి పట్టుకున్నాడు.